చలానా పడితే ఏం చేయాలి? కోర్టుదాకా వెళ్తే కేసు ఎలా తేల్చుకోవాలి?

నెల్లూరు మినీ బైపాస్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో పోలీసులు బండి ఆపగానే మనవాళ్లు ముందుగా ఫోన్ తీస్తారు. కాగితాలు చూపించడానికి కాదు, తెలిసిన లీడరుకో డిపార్ట్‌మెంటులో ఉన్న బావమరిదికో కొట్టడానికి. ఆ లోపల చేతిమిషన్‌లో ఫొటో కొట్టేస్తారు, చలానా బండి నంబరు మీద ఎక్కేస్తుంది. తర్వాత సిఫారసు దొరికినా పెద్దగా ఒరిగేదేం ఉండదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. మీ మీద పడింది డబ్బు కట్టి అక్కడితో తెంచుకునే కేసా, మేజిస్ట్రేటు ముందు నిలబడాల్సిన కేసా? మిగతా అడుగులన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

మొదటి అడుగు: ఆపినప్పుడు

బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. కారైతే అద్దం దించండి. మాట సాధారణంగా ఇలా నడుస్తుంది:

"యాడికి పోతుండావ్? సీ బుక్కు, లైసెన్సు చూపించు."

"కావలికి సార్. డిజీలాకర్‌లో ఉండాయి, తెరుస్తుండా."

ఇంతకుమించి కథ చెప్పకండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలని మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. డిజీలాకర్‌లో, ఎం-పరివాహన్‌లో ఉన్న కాగితాలు అసలువాటితో సమానమే. ఫోన్ గ్యాలరీలో దాచుకున్న ఫొటోకు, వాట్సాప్‌లో అన్నయ్య పంపిన జిరాక్సుకు ఆ విలువ లేదు. సిగ్నల్ అందని ఊళ్లవైపు పోయేటప్పుడు ఇంటి దగ్గరే యాప్ ఓసారి తెరిచి చూసుకోండి.

తాళం లాక్కోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. అయితే లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకుండా నడుపుతుంటే 207వ సెక్షన్ కింద ఏకంగా బండినే ఆపేసే అధికారం వాళ్లకుంది. లైసెన్సు తీసుకుంటే రసీదు అడగండి. 206వ సెక్షన్ ప్రకారం లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా, లేదా రసీదులో తేదీ వేసి ఉంటే అప్పటిదాకా, ఆ రసీదుతో బండి నడపొచ్చు. నియమాలు అమలు చేయాల్సినవాళ్లే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు అని 210బి కూడా ఉంది. నిజమే కానీ, హెల్మెట్ లేకుండా దొరికినవాడు నడిరోడ్డు మీద ఆ సెక్షన్ చదివి వినిపిస్తే పని సులువవుతుందని నేననుకోను.

ఇక రెండొందలు చేతిలో పెట్టే సంగతి. రసీదు రాదు, చలానా పోయిందో లేదో తెలియదు. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం చేస్తే ఇచ్చామంటారా, ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తేనే రక్షణ. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064.

రెండో అడుగు: ఏ కేసో చూసుకోండి

చలానా మీద సెక్షన్ నంబరు ఉంటుంది. మొత్తం కంటే ముందు అది చదవండి. 200వ సెక్షన్ జాబితాలో ఉన్న తప్పులకు రాజీ రుసుము కడితే కేసు ముగుస్తుంది. హెల్మెట్, సీటు బెల్టు, ముగ్గురెక్కడం, లైసెన్సు లేకపోవడం, ఇన్సూరెన్సు లేకపోవడం, స్పీడు, ఓవర్‌లోడు, నడుపుతూ ఫోన్ పట్టుకోవడం ఇందులోకి వస్తాయి. ఏపీలో 2025 మార్చి 1 నుంచి కొత్త మొత్తాలు గట్టిగా వసూలు చేస్తున్నారు. హెల్మెట్‌కు 1,000, సీటు బెల్టుకు 1,000, లైసెన్సు లేకపోతే 5,000, ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000 రూపాయలు. హెల్మెట్‌కు వెయ్యి కట్టేశాం, అయిపోయిందనుకోకండి. ఆ సెక్షన్‌లోనే మూడు నెలలు లైసెన్సు రద్దు కూడా ఉంది, రుసుము కట్టినంత మాత్రాన అది తప్పదు.

తాగి నడపడం (185), ఫోన్ వాడకం మినహా మిగతా ప్రమాదకర డ్రైవింగు (184), మైనరుకు బండి ఇవ్వడం (199ఎ) ఆ జాబితాలో లేవు. ఇవి కోర్టు కేసులే. మూడోదాని మీద మన తల్లిదండ్రులకు బొత్తిగా పట్టింపు లేదు. ఇంటర్ చదివే పిల్లాడు బుల్లెట్ మీద ట్యూషన్‌కు పోతుంటే మురిసిపోతారు. దొరికితే శిక్ష వాళ్లకే పడుతుంది. 25,000 జరిమానా, మూడేళ్లదాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు.

చీమకుర్తి గ్రానైటు లారీల డ్రైవర్లకు ఒక మాట. ఓవర్‌లోడుకు 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. తూకానికి ఆపకుండా పోతే 40,000. చలానా బండి మీద పడుతుంది, ఓనరు మీ జీతంలో కోస్తాడు. లోడు ఎక్కించినచోటి కాటా చీటీని వెంటనే ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పెట్టండి. "బరువెక్కువుంది, పొమ్మంటారా?" అని అడగండి. జవాబు వచ్చినా, రాకపోయినా రేపు మీకు అక్కరకొచ్చేది ఆ మెసేజే.

మూడో అడుగు: కట్టడమా, కాదనడమా

తప్పు మీదైతే కట్టేయండి. తెలంగాణలో 2022లో, 2023 చివర్లో పెండింగ్ చలానాలకు భారీ రాయితీ ఇచ్చారు. ఆ కబురు విని మన దగ్గరా ఎప్పుడో ఇస్తారని కూర్చున్నవాళ్లను చూశాను. అది వేరే రాష్ట్రం జీవో. ఇక్కడ బకాయిలు పేరుకుపోతే బండి అమ్మే రోజున ఆర్‌సీ బదిలీ ఆగుతుంది.

చలానా సైటు పేరు మీరే టైపు చేసి తెరవండి. "మీ వాహనంపై చలానా, ఈ ఫైలు తెరవండి" అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (.apk, ఫోన్‌లో యాప్ ఎక్కించే) ఫైలు బ్యాంకు ఖాతా ఊడ్చేసేవాళ్ల పని. ప్రభుత్వం చలానాను అలా పంపదు. పొరపాటున నొక్కితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైను 1930కి ఫోన్ చేయండి.

కాదనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మీ బండి ఇంట్లో ఉండగా ఎక్కడో నంబరు పడిందంటే ఎవరో దొంగ నంబరు ప్లేటు పెట్టుకు తిరుగుతున్నట్టు, లేదా మిషన్‌లో ఒక అంకె తప్పు కొట్టినట్టు. చలానాలోని ఫొటో దించుకోండి. బండి రంగు, మోడలు, ప్లేటు మీద అక్షరాల తీరు మీ బండితో పోల్చి చూసి, తేడాలు రాసి, ఆ రోజు బండి ఎక్కడుందో చూపే ఆధారంతో ట్రాఫిక్ స్టేషన్‌లో ఇవ్వండి. అక్కడ కదలకపోతే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. కెమెరా పట్టిన తప్పులకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఎ. అర్జీలో ఆ తేదీల సంగతీ రాయండి.

రెండేళ్ల కిందట ఆటో కన్సల్టెన్సీలో అమ్మేసిన బండికి చలానాలు వస్తున్నాయా? పేరు మారేదాకా చట్టం దృష్టిలో ఓనరు మీరే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. చలానాతో పోతే అదృష్టం. ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. ఫారం 29, 30 ఇచ్చి బదిలీ పూర్తయిందో లేదో ఇప్పుడే పరివాహన్‌లో చూసుకోండి.

కట్టకుండా కోర్టుదాకా పోయిన చిన్న కేసులను జాతీయ లోక్ అదాలత్ రోజున తేల్చుకోవచ్చు. రాజీకి వీలైనవే అక్కడికి వస్తాయి, అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు.

నాలుగో అడుగు: డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. "ఊదను" అని మొండికేస్తే బయటపడతామనుకోకండి. ఆ నిరాకరణనే మీకు వ్యతిరేకంగా చూపొచ్చని 205వ సెక్షన్ ఉంది. మిషన్ మీద అనుమానముంటే రక్తపరీక్ష చేయించమని అడగండి. అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. రీడింగు చీటీ మీద టైము చూసుకోండి.

మొదటిసారికి ఆరు నెలలదాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. కోర్టులో ఎక్కువమంది నేరం ఒప్పుకొని ఫైను కట్టి వచ్చేస్తారు. ఒప్పుకుంటే జైలు ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి, అది మేజిస్ట్రేటు ఇష్టం. పైగా ఆ ఒప్పుకోలు రికార్డులో శిక్షగా మిగులుతుంది. మళ్లీ దొరికితే రెండేళ్లదాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. డ్రైవింగే బతుకుతెరువైనవాళ్లు తల ఊపేముందు ఒక్కసారి వకీలుతో మాట్లాడాలి. డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నంబరు 15100.

అయిదో అడుగు: ప్రమాదం కేసు, ప్లీ బార్గెయినింగ్

రొయ్యల బండి తోలే కుర్రాడు తెల్లవారుజామున హైవే మీద సైకిల్ మీద పోతున్న మనిషిని గుద్దాడనుకుందాం. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత. జనం కొట్టేలా ఉంటే చట్టమే మినహాయింపు ఇచ్చింది, తిన్నగా దగ్గరి స్టేషన్‌కు పోయి చెప్పాలి. పారిపోతే మాత్రం కేసు ఇంకా బరువెక్కుతుంది. ఇన్సూరెన్సు కంపెనీకీ వెంటనే తెలపాలి.

మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్లదాకా శిక్ష. ఇక్కడే మన పల్లెల్లో ఒక తప్పు తరచూ జరుగుతుంది. పెద్దమనుషులు కూర్చుంటారు, స్టాంపు పేపరు మీద రాసుకుంటారు, ఓనరు కొంత డబ్బిస్తాడు, కేసయిపోయిందనుకుంటారు. గాయాలతో సరిపోయిన కేసుల్లో కోర్టు అనుమతితో బాధితుడితో రాజీ చెల్లుతుంది కానీ, మరణం కేసుకు చెల్లదు. ఏడాది తర్వాత సమన్లు వస్తాయి, అప్పటికి డ్రైవరు ఇంకో బండి ఎక్కి ఎక్కడో ఉంటాడు, వారంటు పడుతుంది.

స్టాంపు పేపరు చేయలేని పనికి చట్టంలో ప్లీ బార్గెయినింగ్ అనే దారి 2006 నుంచీ ఉంది, అంటే నేరం ఒప్పుకొని, కోర్టు ద్వారా బాధితులతో ఒప్పందానికొచ్చి శిక్ష తగ్గించుకోవడం. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 289 నుంచి 300 సెక్షన్లలో ఉంది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న కేసులకు ఇది వర్తిస్తుంది. మహిళల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకు వర్తించదు. కాబట్టి చనిపోయినది ఆడమనిషో, పిల్లాడో అయితే మీ కేసు ఇందులోకి వస్తుందో లేదో వకీలును ముందే అడగండి.

కోర్టు చార్జి ఫ్రేమ్ చేసిన (అభియోగం నమోదు చేసిన) 30 రోజుల్లోపు డ్రైవరే అఫిడవిట్‌తో దరఖాస్తు పెట్టుకోవాలి. మేజిస్ట్రేటు అతన్ని విడిగా పిలిచి, ఎవరి ఒత్తిడీ లేదు కదా అని అడుగుతారు. ఓనరు పక్కనుండి జవాబులు అందించడానికి అక్కడ వీలుండదు. ఆ తర్వాత ప్రాసిక్యూటరు, దర్యాప్తు అధికారి, బాధిత కుటుంబం, డ్రైవరు, అతని వకీలు కూర్చుని 60 రోజుల్లోపు ఒక ఒప్పందానికి రావాలి. కుటుంబానికి పరిహారం ఎంత, ఎప్పటికి అన్నది అందులోనే రాస్తారు. కుదిరితే, మొదటిసారి నేరమైతే, చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షలో ఆరో వంతే వేయొచ్చు. అయిదేళ్లలో ఆరో వంతు పది నెలలు. ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడి షరతుతో జైలుకు పంపకుండా, వదిలే వీలూ ఉంది. కుదరకపోతే విచారణ మామూలుగా నడుస్తుంది. బేరంలో డ్రైవరు చెప్పిన మాటలను ఇంకో పనికి వాడకూడదు.

సంతకం పెట్టేముందు రెండు సంగతులు చూసుకోవాలి. దీని మీద మామూలు అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ లేదా సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్ మాత్రమే. రెండోది, ఇది క్రిమినల్ కేసును తేలుస్తుంది, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కుటుంబం వేసే పరిహారం కేసును కాదు. ఒప్పందంలో ఇచ్చిన డబ్బును అక్కడ లెక్కలో చూపించుకోవాలంటే, నగదుగా కాక బ్యాంకు ద్వారానే చెల్లించి, తీర్పు నకలుతో కలిపి ఆ రసీదును ఇన్సూరెన్సు వకీలుకు ఇవ్వండి.