అమెరికాలో పొట్టి బ్యారెల్ తుపాకీ: కొనేముందు ఏం చూసుకోవాలి, పోలీసులు ఆపితే ఎలా మెలగాలి?

పదహారు అంగుళాల బ్యారెల్ (తుపాకీ గొట్టం) ఉన్న రైఫిల్ టెక్సాస్‌లో మామూలు వస్తువు. అదే రైఫిల్ బ్యారెల్ పదిహేనున్నర అంగుళాలై, రిజిస్ట్రేషన్ లేకపోతే పదేళ్ల దాకా జైలు పడే ఫెడరల్ నేరం. దాంతో ఎవరినీ బెదిరించనక్కర్లేదు, ఒక్క గుండు పేల్చనక్కర్లేదు, బీరువాలో ఉంటే చాలు. డాలస్, అట్లాంటా వైపు ఉండే మనవాళ్లలో రేంజ్‌కి వెళ్లేవాళ్లు, ఇంట్లో తుపాకీ ఉంచుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ కొలతతో పాటు వీసా కూడా ముడిపడి ఉంటుంది. రోడ్డు పక్కన పోలీసు లైట్లు వెలుగుతుండగా ఈ రెండూ తేలవు. ముందే, ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతులివి.

మొదట మీ వీసా చూసుకోండి, తర్వాతే తుపాకీ

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, చూడటానికి వచ్చిన అమ్మానాన్నల బి-2: ఇవన్నీ నాన్ ఇమిగ్రెంట్ వీసాలు. వీటి మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. పొట్టిదా పొడుగుదా అన్న తేడా లేదు. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్లు ఎక్కువగా వాడుకునేది రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు. ఆ లైసెన్సు గడువులో ఉన్నంతవరకే మినహాయింపు. అది ముగిసిన మర్నాడు తుపాకీ ఇంకా ఇంట్లోనే ఉంటే మినహాయింపు పోయినట్టే. వేట లైసెన్సు నమ్ముకుని కొన్నవాళ్లు పాస్‌పోర్టు గడువుకంటే జాగ్రత్తగా ఆ తేదీని గుర్తుంచుకోవాలి.

ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతికొచ్చిన వాళ్లు తమకిక అడ్డు లేదనుకుంటారు. అది గ్రీన్ కార్డు కాదు. అక్కడి నుంచి కార్డు వచ్చేదాకా ఉన్న కాలం చట్టంలో మసకగా ఉంటుంది. గ్రీన్ కార్డు కోసం మన భారతీయుల క్యూలో ఆ కాలం ఏళ్లకేళ్లు సాగుతుంది. లాయరు రాతపూర్వకంగా సరేననకుండా ఆ మసకలో తుపాకీ కొనడం తెలివైన పని కాదు.

విద్యార్థులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరిడాలో చదువుకోవడానికి యూఏఈ నుంచి వచ్చిన రెహైఫ్ అనే విద్యార్థిని, మార్కులు రాక కాలేజీ తొలగించింది. దాంతో అతని స్టేటస్ పోయింది. ఆ తర్వాత అతను షూటింగ్ రేంజ్‌కి వెళ్లి తుపాకీ పేల్చాడు. దానికే కేసు పడింది, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని తీర్పిచ్చింది. ఆ మాట పైకోర్టు దాకా పోరాడితే వచ్చింది. వీకెండ్‌లో రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీ పట్టుకున్నా, అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ నిషేధం లేదు. కానీ గ్రీన్ కార్డువాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. రిజిస్టర్ చేయని పొట్టి బ్యారెల్ తుపాకీ కేసులో శిక్ష పడితే, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేరుగా పేరు పెట్టి 'అగ్రవేటెడ్ ఫెలొనీ' జాబితాలో చేర్చింది. ఆ ముద్ర పడ్డాక దేశం నుంచి పంపేయకుండా ఆపుకునే దారులు దాదాపు అన్నీ మూసుకుపోతాయి. పుట్టినప్పటి నుంచీ అమెరికా పౌరుడైన మీ రేంజ్ మిత్రుడికి జైలుతో పోయేది, మీకు ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నిటినీ పట్టుకుపోతుంది. అతని సలహా మీకు సరిపోదు.

తర్వాత కొలవండి

1934 నాటి నేషనల్ ఫైర్ ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు, షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు తగ్గకూడదు. రెంటిలో ఏదైనా మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. తగ్గితే తుపాకుల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి.

తూటా లేదని రెండుసార్లు చూసుకుని, బోల్ట్ మూసి, బ్యారెల్ మూతి నుంచి ఒక సన్నని చెక్క కడ్డీని బోల్ట్ తగిలేదాకా పెట్టి, మూతి దగ్గర గుర్తు పెట్టి, తీసి కొలవండి. చివర మరతో బిగించిన మజిల్ బ్రేక్‌ని (తుపాకీ తన్నడాన్ని తగ్గించే తొడుగు) లెక్కలోకి తీసుకోకూడదు. వెల్డింగు లాంటి పద్ధతితో శాశ్వతంగా అతికిస్తేనే అది బ్యారెల్‌లో భాగం. మడిచే స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) ఉంటే ఫెడరల్ లెక్కలో దాన్ని పూర్తిగా చాపి మొత్తం పొడవు కొలుస్తారు. కాలిఫోర్నియా లాంటి చోట మడిచి కొలిచే నియమాలూ ఉన్నాయి. వాడిన తుపాకీ కొనేటప్పుడు అమ్మేవాడి మాట మీద ఆగకండి. 1989లో ఐడహోలో రాండీ వీవర్ అనే వ్యక్తి ఏటీఎఫ్ మనిషికి రెండు పొట్టి షాట్‌గన్లు అమ్మాడన్న ఆరోపణ, 1992 ఆగస్టులో రూబీ రిడ్జ్ దగ్గర ముట్టడి దాకా వెళ్లింది. అతని భార్య, పద్నాలుగేళ్ల కొడుకు, ఒక డిప్యూటీ మార్షల్ చనిపోయారు. ఆ తుపాకుల కేసులో మాత్రం జ్యూరీ వీవర్‌ని నిర్దోషిగా వదిలేసింది.

మసక ఎక్కడుందో తెలుసుకోండి

చట్టంలో రైఫిల్ అంటే భుజానికి ఆనించి పేల్చడానికి చేసినది. అందుకే పదిన్నర అంగుళాల బ్యారెల్ ఉన్న ఏఆర్ (ఏఆర్-15 తరహా) పిస్టల్‌కి భుజానికి ఆనే స్టాక్ బదులు చేతికి కట్టుకునే బ్రేస్ పెట్టి అమ్ముతారు. 2023 జనవరిలో ఏటీఎఫ్ అలాంటి వాటిలో చాలావాటిని పొట్టి రైఫిళ్లుగా లెక్కగట్టే నియమం తెచ్చింది. 2024 జూన్‌లో టెక్సాస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. నియమం పోయింది గానీ 1934 చట్టం పోలేదు. బ్రేస్ తీసి అసలు స్టాక్ బిగించారా, అది ఆ క్షణం నుంచీ పొట్టి రైఫిలే. ముందుగా రైఫిల్‌గా తయారైన దాన్ని పిస్టల్‌గా మార్చినా అంతే.

మాస్‌బర్గ్ షాక్‌వేవ్ మరో ఉదాహరణ. బ్యారెల్ 14 అంగుళాలే అయినా దానికి ఎప్పుడూ స్టాక్ పెట్టలేదు, మొత్తం పొడవు 26 దాటుతుంది, కాబట్టి ఫెడరల్ చట్టంలో అది షాట్‌గనే కాదు. దానికి చక్కగా కనబడుతుందని మామూలు స్టాక్ బిగిస్తే నేరం పూర్తయినట్టే. పైగా ఫెడరల్ చట్టం వదిలేసినదాన్ని మీ రాష్ట్రం వదలకపోవచ్చు.

విడిభాగాల సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో ఒక్క ఏఆర్ రైఫిలే ఉండి, పక్కనే దానికి తప్ప మరిదేనికీ పట్టని పొట్టి అప్పర్ (బ్యారెల్ ఉండే పైభాగం) ఉంటే, బిగించకపోయినా ప్రాసిక్యూటర్ కేసు పెట్టే వీలుంది. 1992లో థాంప్సన్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు, చట్టబద్ధంగా బిగించుకునే దారి ఉన్న కిట్ విషయంలో అనుమానపు లాభం తయారీదారుకే ఇచ్చింది. ఆ లాభం మీకూ దక్కాలంటే ఆ భాగానికి చట్టబద్ధమైన వాడకం మీ ఇంట్లో కనబడాలి. ఆన్‌లైన్ సేల్‌లో చవగ్గా వచ్చిందని పొట్టి అప్పర్ కొని అటకెక్కించకండి.

రిజిస్ట్రేషన్, కాగితాలు

తయారు చేసుకోవాలంటే ఫారం 1, కొనాలంటే ఫారం 4. ఫోటో, వేలిముద్రలు ఇవ్వాలి. అనుమతి వచ్చాకే బిగించాలి, వచ్చాకే ఇంటికి తెచ్చుకోవాలి. 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి పొట్టి రైఫిళ్లకు, పొట్టి షాట్‌గన్లకు సున్నా అయింది. పన్ను పోయిందంటే రిజిస్ట్రేషన్ కూడా పోయిందని కొందరు చెబుతారు, నమ్మకండి. అది అలాగే ఉంది.

రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వాళ్లే దాన్ని దగ్గర పెట్టుకోవాలి. మన ఇళ్లలో తాళాలు, కోడ్లు అందరికీ తెలిసి ఉంటాయి. ఇక్కడ అదే ముప్పు. భర్త పౌరుడు, భార్య హెచ్-4, ఆర్నెల్లకని వచ్చిన అత్తగారు బి-2, ఎంఎస్ చదివే బావమరిది ఎఫ్-1 అయితే సేఫ్ కోడ్ మీ ఒక్కరికే తెలియాలి. వాళ్లకు తెలిస్తే తుపాకీ వాళ్ల దగ్గరా ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించగలడు. ట్రస్టు పేరున కొనే పద్ధతి ఉంది. అందులో బాధ్యులుగా చేర్చిన ప్రతివాళ్లూ ఫోటో, వేలిముద్రలు ఇవ్వాలి, ప్రతివాళ్లకూ తుపాకీ ఉంచుకునే అర్హత ఉండాలి.

రాష్ట్రం దాటేముందు

రిజిస్టరైన పొట్టి రైఫిల్, పొట్టి షాట్‌గన్ వేరే రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే ముందుగా ఏటీఎఫ్ దగ్గర ఫారం 20 మీద అనుమతి తీసుకోవాలి. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం మానేసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి మారుతున్నారనుకోండి. కాలిఫోర్నియా మామూలు పౌరులకు వీటిని నిషేధించింది. మన జనం ఎక్కువగా ఉండే ఎడిసన్ ఉన్న న్యూజెర్సీ కూడా అంతే. సామాన్ల ట్రక్కు ఎక్కించేముందే లైసెన్సున్న డీలరు ద్వారా అమ్మేయడం మేలు.

దారిలో వచ్చే రాష్ట్రాల నుంచి కాపాడే ఫెడరల్ చట్టం 1986 నుంచి ఉంది: తుపాకీలో తూటా లేకుండా, చేతికందని చోట ఉంచి, బయల్దేరిన చోటా చేరే చోటా అది చట్టబద్ధమైతే మధ్య రాష్ట్రాలు పట్టుకోకూడదు. ఆ రక్షణ చాలా పలచన. యూటాకు చెందిన గ్రెగ్ రెవెల్ 2005లో పిస్టల్‌ని చట్టప్రకారం చెక్ఇన్ చేసి విమానమెక్కాడు. న్యూజెర్సీలోని నెవార్క్‌లో తర్వాతి విమానం తప్పింది. సూట్‌కేసు తీసుకుని హోటల్లో ఒక రాత్రి ఉన్నాడు. తెల్లారి మళ్లీ చెక్ఇన్ దగ్గర తుపాకీ ఉందని తనే చెప్పాడు, అరెస్టయ్యాడు. హోటల్లో ఉన్న ఆ రాత్రి తుపాకీ అతని చేతికి అందుబాటులో ఉంది కాబట్టి రక్షణ వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు చెప్పింది.

పోలీసు ఆపినప్పుడు

మన ఊళ్లో పోలీసు ఆపితే బండి దిగి, కాగితాలు పట్టుకుని, 'సార్' అంటూ ఎదురెళతాం. అది మర్యాద. ఇక్కడ అది ప్రాణం మీదికి తెస్తుంది. కారు పక్కకి తీసి ఆపండి, చీకటైతే లోపలి లైటు వేయండి, అద్దం దించండి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కదలకుండా కూర్చోండి. అధికారి దగ్గరికి వచ్చేదాకా డ్యాష్‌బోర్డు అర ముట్టుకోకండి. పక్కనున్నవాళ్లు తెలుగులో గట్టిగా సలహాలివ్వకుండా చూడండి. భాష తెలియని అధికారికి ఆ కంగారు వేరే రకంగా వినబడుతుంది. దిగమంటే దిగాలి. 1977 నుంచీ ఆ అధికారం పోలీసుకి ఉంది.

తుపాకీ ఉందని మీరే ముందు చెప్పాలా? కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుతో మోస్తున్నవాళ్లు అడగకముందే చెప్పాలి, కొన్నిట్లో అడిగితే చెప్పాలి. మీ రాష్ట్రం ఏ లెక్కలోదో బయల్దేరేముందే చూసుకోండి. చెప్పాల్సివస్తే 'గన్' అన్న మాటతో మొదలుపెట్టకండి. చేతులు కదపకుండా, లైసెన్సుందని, ఆయుధం ఫలానా చోట ఉందని, నన్నేం చేయమంటారని అడగండి. ఆయన చెప్పాకే కదలండి. 2016 జులైలో మినెసోటాలో ఫిలాండో కాస్టీల్ లైసెన్సున్నవాడే, తన దగ్గర తుపాకీ ఉందని మర్యాదగానే చెప్పాడు. కొన్ని సెకన్లలో అధికారి కాల్చేశాడు. ఆ అధికారిని జ్యూరీ నిర్దోషిగా వదిలింది. కాస్టీల్ మాటలో తప్పేమీ లేదు. అయినా జేబు వైపు, సీటు కిందికి చెయ్యి పోకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

పొట్టి తుపాకీ కంటబడితే ఇంకో చిక్కు వస్తుంది. ఏటీఎఫ్ రిజిస్టరు పన్ను సమాచారం కింద గోప్యం. రోడ్డు మీద పోలీసు తన కంప్యూటర్‌లో చూసి మీది రిజిస్టరైందని తేల్చుకోలేడు. రిజిస్ట్రేషన్ రుజువు మీ దగ్గర ఉండాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. ఆమోదం పొందిన ఫారం నకలు తుపాకీ సంచిలో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఉంచండి. అసలు కాగితం ఇంట్లో ఉండనివ్వండి.

కారు వెతకొచ్చా అని అడిగితే, అంగీకరించడం లేదని ఒక్క వాక్యంలో శాంతంగా చెప్పండి. అయినా వెతికితే అడ్డుపడకండి. ఆ వాదన కోర్టుది. అబద్ధం మాత్రం ఎన్నడూ ఆడకండి. మాట్లాడదలచుకోకపోతే, మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నానని, లాయరు కావాలని నోటితో చెప్పాలి. ఊరికే నోరు మూసుకు కూర్చుంటే చాలదని సుప్రీంకోర్టు 2010లోనూ 2013లోనూ చెప్పింది.

ఇంటికి వస్తే? తలుపు తట్టినవాళ్లని 'లోపలికి రండి' అనడం మన అమ్మానాన్నల అలవాటు. ఇంట్లో ఉండేవాళ్లు సరేనంటే పోలీసు లోపల చూడటానికి అది చాలవచ్చు. మీరు అక్కడే ఉండి వద్దంటే మాత్రం మీ మాట చెల్లుతుంది, 2006లో వచ్చిన తీర్పది. మీరు లేనప్పుడు ఏం చేయాలో వాళ్లకి ముందే చెప్పండి: తలుపు మూసే ఉంచి వారెంటు ఉందా అని అడగాలి, మీకు ఫోన్ చేయాలి.

అరెస్టయితే

స్టేషన్‌లో జరిగింది మొత్తం వివరిస్తే వదిలేస్తారనిపిస్తుంది. బ్యారెల్ కొలత మీకు తెలుసా లేదా అన్నదే కేసులో ప్రధాన ప్రశ్న కావచ్చు. 1994లో స్టేపుల్స్ కేసు తీర్పు దాన్ని రుజువు చేసే భారం ప్రభుత్వం మీద పెట్టింది. ఆ భారాన్ని మీ నోటితో తేలిక చేయకండి. పౌరులు కానివాళ్లు క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరుని కూడా మొదటిరోజే పెట్టుకోవాలి. జైలు లేకుండా చిన్న శిక్షతో ముగిసే ప్లీ బేరం (నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే ఒప్పందం) ఎదురైనప్పుడు, అది ఏ సెక్షన్ కింద రాస్తున్నారన్నదే మీరు ఈ దేశంలో ఉంటారా లేదా అన్నది తేలుస్తుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందో లేదో క్రిమినల్ లాయరు మీకు చెప్పి తీరాలని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంతకం పెట్టేముందు ఆ జవాబు ఇద్దరు లాయర్ల నుంచీ కాగితం మీద తీసుకోండి.