మెడినిల్లాను మన వాతావరణంలో పూయించడం ఎలా?

మెడినిల్లా మాగ్నిఫికా ఫిలిప్పీన్స్ కొండ అడవుల్లో పెరిగే పొద. అక్కడ ఎక్కువగా పెద్ద చెట్ల కొమ్మల పంగల్లో, నాచు పట్టుకుని బతుకుతుంది. వేళ్లకు వాన తగిలినంతసేపూ గాలీ తగులుతుంది. మన కొండల్లోని అల్లి చెట్టుదీ ఇదే కుటుంబం గానీ, అల్లికున్న మొండితనం దీనికి లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లల్లో ఈ మొక్క చచ్చిపోతోందంటే ఎండే కారణం అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం కుండీలోని మట్టి.

కొనేటప్పుడు

పూలతో ఉన్న మొక్క కొనకండి. ప్రయాణంలో కుదుపుకి, పొడిగాలికి గుత్తి రాలిపోతుంది. జూలై, ఆగస్టుల్లో కొంటే కుదురుకోడానికి వ్యవధి ఉంటుంది. ఆకు కాండాన్ని అంటిన చోట తెల్లటి దూదిలా కనిపిస్తే అది పిండినల్లి, ఆ మొక్క వదిలేయండి.

కుండీ మిశ్రమం

ఎర్రమట్టి, గత్తం కలిపి నింపితే ఒక్క వానాకాలానికే వేళ్లు కుళ్లుతాయి. పది అంగుళాల మట్టి కుండీకి ఈ లెక్కన కలపండి:

- అర అంగుళం నుంచి అంగుళం వరకు కోసిన కొబ్బరి డొక్క ముక్కలు 5 పాళ్లు
- కట్టె బొగ్గు ముక్కలు 2 పాళ్లు
- బాగా చివికిన ఆకు ఎరువు 2 పాళ్లు
- చిన్న ఇటుక ముక్కలు 1 పాలు

ఉద్దానం కొబ్బరి తోటల దగ్గరున్నవాళ్లకు డొక్కకు కొదవ లేదు. కానీ పచ్చి డొక్కలో ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. నీళ్లు ఇంకా టీ రంగులో వస్తుంటే మరో రెండు రోజులు ఆగండి. తొందరపడితే కొత్త ఆకుల అంచులు మాడతాయి.

నాటాక వేలితో గట్టిగా అదమకండి, కుండీని రెండుసార్లు నేలకు తట్టితే చాలు. అడుగున పళ్లెం పెట్టొద్దు. గుత్తి అడుగున్నర దాకా కిందికి వేలాడుతుంది కాబట్టి కుండీని ఎత్తయిన స్టాండు మీద పెట్టండి, లేదా వేలాడదీయండి.

నీడ, నీళ్లు

తూర్పు వరండా మంచిది. ఉదయం ఎనిమిదిలోపు ఎండ తగిలినా పరవాలేదు, ఆ తర్వాత 75 శాతం షేడ్ నెట్ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గాలి అసలు శత్రువు. ఆ వైపు తడి గోనెపట్టా కట్టండి.

వేలు రెండు అంగుళాలు దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. తీరం వెంబడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాన నీళ్లు పట్టి వాడండి. ప్యూరిఫయర్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. జూన్ నుంచి అక్టోబరు వరకు పదిహేను రోజులకోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీటికి ఒక గ్రాము కలిపి ఇస్తే సరిపోతుంది.

అక్టోబరు తుపాన్ల నెల. 2018లో తిత్లీ తీరం దాటింది అప్పుడే. హెచ్చరిక రాగానే వేలాడే కుండీలు దించి లోపల పెట్టండి, కణుపుల దగ్గర కొమ్మ పుటుక్కున విరుగుతుంది. ఉప్పుగాలి తగిలిన ఆకుల్ని మంచినీళ్లతో కడగండి.

చలికాలం ఉపవాసం

పూలు రాకపోతే ముందు ఇక్కడే చూడాలి. నవంబరు ఆఖరు నుంచి ఆరు వారాలు ఎరువు పూర్తిగా ఆపేయండి. నీళ్లు వారం, పది రోజులకోసారి, అదీ ఆకులు కొద్దిగా మెత్తబడ్డాకే. రాత్రి చలి మొక్కకు తగలాలి. 17, 18 డిగ్రీలకు దిగే రాత్రులే మొగ్గకు పురికొల్పుతాయి. ఆకు వాడిందని జాలిపడి రోజూ చెంబుడు నీళ్లు పోస్తే ఆకులు నిగనిగలాడతాయి, మొగ్గ మాత్రం రాదు. అల్పపీడనం వాన పడితే కుండీని చూరు కిందికి జరపండి.

సంక్రాంతి దాటాక కొమ్మ చివర, ఆఖరి ఆకుల జత మధ్య గులాబీ రంగు ముక్కులాంటిది తొంగిచూస్తుంది. అది మూడు నాలుగు అంగుళాలు సాగాక మామూలుగా నీళ్లు పోయడం మొదలుపెట్టండి. అప్పటి నుంచి కుండీని తిప్పకూడదు, చోటు మార్చకూడదు. మారిస్తే మొగ్గలు రాలతాయి. రంగుతో ఆకట్టుకునేవి పూరేకులు కావు, కాగితం పువ్వుకు ఉన్నట్టే వెడల్పాటి పుచ్ఛాలు, అంటే పూల దగ్గర వచ్చే రంగు ఆకులు. అసలు పూలు వాటి కింద చిన్నగా ఉంటాయి.

పూలయ్యాక

గుత్తి ఎండగానే రెండు కణుపుల కిందికి కోయండి. ఆగస్టు తర్వాత కత్తెర పెట్టొద్దు, వచ్చే ఏడాది పూలు ఆ కొసలకే రావాలి. పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, సాయంత్రం పూట లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా కుంకుడు రసం కలిపి చల్లండి. వారం తర్వాత మళ్లీ చల్లాలి, ఒక్కసారితో పోదు.

కోసిన కొమ్మలో మరీ లేతా ముదురూ కాని, రెండు కణుపులున్న ముక్క నాటుకోవచ్చు. పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించి, తడి కొబ్బరి పొట్టులో గుచ్చి, పాలిథిన్ సంచి కప్పి నీడలో ఉంచండి. వేళ్లు రావడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఈలోగా పైకి లాగి చూడకండి.