కడప ఆర్కెస్ట్రాలో ‘డ్యాన్సింగ్ క్వీన్’ వాయించాలంటే

మన కడపలో రిసెప్షన్లకు వెళ్లే టీమ్ అంటే ఒక కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), బేస్ గిటార్, ఇద్దరు ఫిమేల్ సింగర్స్. 1976లో స్వీడన్ పాప్ గ్రూప్ అబ్బా విడుదల చేసిన ‘డ్యాన్సింగ్ క్వీన్’ ఇంతమందితోనే బాగా వస్తుంది, కాకపోతే ఎవరు ఎక్కడ ఊరుకోవాలో ముందే అనుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం పియానో. పాట మొదలయ్యేదే కీల మీద వేలు జర్రున జార్చడంతో. ఆ తర్వాత ఆక్టేవ్‌లు (ఒకే స్వరం కింది, పై స్థాయిల్లో కలిపి) గట్టిగా పడతాయి, గొంతు ఆగిన చోటల్లా పియానో జవాబు చెబుతుంది, మన పాటల్లో చరణం లైన్ల మధ్య వయొలిన్లు చిన్న బిట్ వేస్తాయే, అలాగన్నమాట. కీబోర్డు ఒక్కటే ఉంటే స్ట్రింగ్స్ వదిలేయండి, ఆక్టేవ్‌లు మాత్రం వదలొద్దు. మేము ఒకసారి స్ప్లిట్ పెట్టి, అంటే కీబోర్డును రెండు సౌండ్లుగా విడదీసి, ఎడమచేత్తో స్ట్రింగ్స్ పట్టుకున్నాం, అవి పోయి బేస్ గిటార్ మీద పడి హాలంతా గజిబిజిగా మోగింది.

పాడటం మొదలయ్యేది పల్లవి సగం నుంచి. అక్కడ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఇ, సి షార్ప్ సెవెంత్, ఎఫ్ షార్ప్ మైనర్, బి సెవెంత్. ఈ రెండో కార్డ్‌ను సులువని మైనర్‌గా పట్టేవాళ్లు చాలామంది, దయచేసి అలా చేయకండి. పాట శ్రుతి ‘ఏ’ (A) కాబట్టి దాన్ని షడ్జమం అనుకోండి, స్కేలు మన శంకరాభరణం, ఆ కార్డ్‌లో మాత్రం శంకరాభరణంలో లేని శుద్ధ ధైవతం వచ్చి తర్వాతి కార్డ్‌లో చతుశ్రుతి ధైవతంలోకి ఎక్కుతుంది. ఒళ్లు ఝల్లుమనేది అక్కడే.

ప్యాడ్స్ వాయించే తమ్ముడికి చెప్పాల్సింది ఒక్కటే, స్పీడ్ పెంచొద్దు. నిమిషానికి 100 బీట్లు, ఆ చుట్టుపక్కలే. జనం లేచి ఆడుతుంటే చేయి ఆగదు, నిజమే, కానీ పరుగెత్తితే ఊపు పోతుంది.

సింగర్స్ ఇద్దరూ ఎక్కువ భాగం ఒకే స్వరంలో కలిసి పాడాలి. రికార్డులో సౌండ్ ఇంజనీర్ మైకేల్ ట్రెటో గొంతుల మీద గొంతులు పేర్చి ఆ నిండుదనం తెచ్చాడు, మనకు స్టేజీ మీద అది కుదరదు, మిక్సర్‌లో కొంచెం రివర్బ్ (గొంతు చుట్టూ మెల్లగా నిలిచే మోత) చాలు. ఫంక్షన్ హాల్లో ఎకో అస్సలు వద్దు, గోడలే కావలసినంత ఇస్తాయి.

రికార్డులో పాట మెల్లగా సన్నగిల్లిపోతుంది. స్టేజీ మీద అలా కుదరదు కాబట్టి చివరి పియానో బిట్‌ను నాలుగుసార్లు తిప్పి, కీబోర్డ్ అన్న తల ఊపగానే అందరూ ‘ఏ’ (A) మేజర్ కార్డ్ మీద ఒక్కసారిగా ఆపేయండి.