చివరి 10 మిల్లీగ్రాములు

డిప్రెషన్, ఆందోళనలకు వాడే పారోక్సెటిన్ మందు మోతాదును 20 నుంచి 10 మిల్లీగ్రాములకు తగ్గించినప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. 10 కూడా ఒక్కసారిగా మానేసిన మూడో రోజున మాత్రం, విజయనగరం గంటస్తంభం దగ్గర రోడ్డు దాటబోతూ పక్కకు చూసినప్పుడల్లా తలలో కరెంటు షాకు కొట్టినట్టయి కాళ్లు తడబడ్డాయి. జబ్బు తిరగబెట్టిందనుకున్నాను. ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోతుందని, మోతాదు తగ్గేకొద్దీ చిన్న కోత కూడా మెదడుకు పెద్దదిగానే తగులుతుందని వివరించి, డాక్టరుగారు మళ్లీ 10 మొదలుపెట్టించారు. రెండు రోజుల్లో షాకులు ఆగాయి. రోజు విడిచి రోజు వేసుకోవడం దీనికి పనికిరాదన్నారు. ఆయన చెప్పినట్టే సాదా మాత్రను (మందును నెమ్మదిగా విడుదల చేసే సీఆర్ మాత్రను విరవకూడదు) బ్లేడుతో ముందు ముప్పావుకు, తరువాత సగానికి, చివరికి పావుకు కోసుకుంటూ ఏడు నెలలు గడిపాను. పావు దగ్గర వికారం, చెమటలు వేధించాయి; ఆ వారాల్లో బండి తీయలేదు.