ఆదికాండములోని రెండు సృష్టి కథలను పక్కపక్కన పెట్టి చదవడం ఎలా?

బైబిలు మొదటి పుస్తకం ఆదికాండము. దాని మొదటి అధ్యాయంలో జంతువులు ముందు, మనిషి తరువాత. రెండో అధ్యాయంలో మనిషి ముందు, జంతువులు తరువాత. బైబిలు తరగతిలో ఈ మాట ఎత్తగానే ఒకాయన ‘అంతా కట్టుకథ’ అంటారు, ఇంకొకాయన ‘వైరుధ్యమే లేదు’ అంటారు. 20 ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. ఆ రెండు అధ్యాయాలలో ఉన్నవి 56 వచనాలే. వాదించేవారిలో వాటిని వరసగా చదివి వచ్చినవారు అరుదు.

కావలసినవి: బైబిలు, తెల్లకాగితం, పెన్సిలు. పెన్ను పనికిరాదు, చెరపవలసి వస్తుంది. ఫోనులో చదవకండి, రెండు అధ్యాయాలూ ఒకేసారి కనిపించవు. వ్యాఖ్యాన గ్రంథం ఉంటే బీరువాలో పెట్టి తాళం వేయండి.

కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ గడి మొదటి కథకు, కుడి గడి రెండో కథకు. మొదటి కథ ఒకటో అధ్యాయంతో ముగిసిందనుకోకండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో పెట్టుకున్న ఏర్పాటు. ఏడో దినపు విశ్రాంతి 2:3 (రెండో అధ్యాయం, మూడో వచనం) వరకు సాగుతుంది కనుక ఎడమ గడి అక్కడిదాకా. 2:4లో దేవుడి పిలుపే మారిపోతుంది: అంతవరకు ‘దేవుడు’, అక్కడి నుంచి ‘దేవుడైన యెహోవా’. 1753లో ఝాఁ ఆస్త్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ తేడాను పట్టుకునే, మోషే తన ముందున్న పాత రాతలను కూర్చి గ్రంథం రాశాడని వాదించాడు. ఆ వచనంలోనే మరొకటి ఉంది, అది మనకు కనిపించదు. మూలభాష అయిన హెబ్రీలో 1:1 ‘ఆకాశమును భూమిని’ అంటుంది, 2:4 చివర ఆ వరస తిరగబడి ‘భూమిని ఆకాశమును’ అవుతుంది. మన తెలుగు అనువాదం మొదటి వచనంలోనే ‘భూమ్యాకాశములు’ అని సమాసం చేసేసింది. వినడానికి సొంపుగానే ఉంది గానీ కథ మారిందన్న ఆనవాలు చెరిగిపోయింది.

తరువాత ఏది ముందు, ఏది వెనుక అన్నది రాయండి. ఎడమ గడిలో మూడో దినం మొక్కలు, అయిదో దినం చేపలు, పక్షులు, ఆరో దినం జంతువులు, ఆపైన స్త్రీపురుషులు కలిసి. కుడి గడిలో మన్నుతో నరుడు, తోట, చెట్లు, జంతువులు, పక్షులు, చివర పక్కటెముకతో స్త్రీ. పది నిమిషాల పని.

ఇక 2:19. అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. దేవుడు జంతువులను ‘నేలనుండి నిర్మించి’ ఆదాము దగ్గరకు ‘రప్పించెను’ అని ఉంది. కొన్ని ఇంగ్లీషు అనువాదాలు దీన్ని ‘అంతకుముందే నిర్మించి ఉన్న జంతువులను’ అన్నట్టు సర్దాయి. అలా చదివితే చిక్కు తీరిపోయినట్టే కనిపిస్తుంది. ఆ సర్దుబాటును గడిలోకి ఎక్కించకండి.

ఎందుకంటే హెబ్రీలో ఆ క్రియారూపం మామూలుగా కథను ముందుకు నడిపేది. 2:7లో నరుణ్ణి నిర్మించిన చోటా అదే క్రియ, అదే రూపం. ఒకచోట ‘నిర్మించెను’, మరోచోట ‘ముందే నిర్మించి ఉండెను’ అనాలంటే కారణం చూపాలి. మొదటి అధ్యాయంతో పొసగాలన్న కోరిక వ్యాకరణం కాదు. అలా చదవవచ్చునని వాదించే పండితులు లేకపోలేదు. వారి మాట కాగితం అడుగున రాసుకోండి. మన తెలుగు మాత్రం నిజాయితీగానే ఉంది. ‘వంట చేసి వడ్డించింది’ అంటే ఆ వంట మొన్నటిదని ఎవరూ అనుకోరు.

కథ నడకనూ చూడండి. 2:18లో నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదంటాడు దేవుడు, తోడును చేస్తానంటాడు. వెంటనే జంతువులు. నరుడు పేర్లు పెడతాడు, వాటిలో సాటి అయిన తోడు దొరకదు. అప్పుడు స్త్రీ. జంతువుల సృష్టి ఆ ఒంటరితనానికి చేసిన మొదటి ప్రయత్నం. దాన్ని వెనక్కి తోస్తే వరస కుదురుతుంది, కథ మాత్రం కుంటుతుంది.

ఇది అయ్యాకనే వివరణలు, అవీ కాగితం అడుగునే. 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి, మొదటిది మొత్తం చెప్పినది, రెండోది అందులోని వివరం అన్నాడు. ఆధునిక పండితులలో ఎక్కువమంది ఇవి రెండు వేరు మూలాలంటారు. నాకు రెండో మాటే నచ్చుతుంది. ఈ కథల మీద గొడవ కొత్తదేమీ కాదు. 1655లో ఇసాక్ ల పెరేర్ అనే ఫ్రెంచివాడు ఆదాముకు ముందే మనుషులున్నారని పుస్తకం అచ్చువేశాడు. పారిస్‌లో ఆ పుస్తకాన్ని తగులబెట్టారు, అతణ్ణి నిర్బంధించి మాట వెనక్కి తీసుకునేలా చేశారు. కాబట్టి మీ తరగతిలో ఎవరైనా గొంతు పెంచితే కంగారు పడకండి.

చివరగా మత్తయి సువార్త 19:4-5 తీయండి. విడాకుల గురించి అడిగినవారికి యేసు ఆదికాండము 1:27నూ 2:24నూ కలిపి ఒకే ఊపిరిలో జవాబు చెబుతాడు. ఆ జవాబును ఎడమ గడిలోనూ కుడి గడిలోనూ రాయవద్దు, గీత మీదుగా అడ్డంగా రాయండి.