సూడి గప్పీ ఈనట్లేదా, పిల్లలు నిలవట్లేదా? ముందు నీళ్లు చూడండి

ఇంట్లో గాజు తొట్టిలో (అక్వేరియంలో) పెంచుకునే గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే చిన్న చేపలు గుడ్లు పెట్టవు, గేదె ఈనినట్టు నేరుగా పిల్లల్నే ఈనుతాయి. మొదటిసారి పెంచేవాళ్లకు సంతోషం ఎంతో టెన్షన్ కూడా అంతే. నేను కర్నూలులో బోరు నీళ్లతో పెంచుతున్నాను. నా దగ్గర పోయిన పిల్లల్లో ఎక్కువ జబ్బు చేసి పోలేదు, నీళ్లు ఉన్నట్టుండి మారడం వల్లే పోయాయి. అందుకే అనంతపురం, కడప, కర్నూలు ఎండల్ని, ఉప్పునీళ్లని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా.

నెల దాటింది, కడుపు పెద్దగానే ఉంది, ఈనలేదు

ముందు అది సూడో కాదో తేల్చుకోండి. కడుపు కింద, వెనకవైపు రెక్క మొదట్లో నల్లటి మచ్చ ఉంటుంది, రోజులు దగ్గరపడేకొద్దీ అది పెద్దదై ముదురుతుంది. నల్ల మోలీలో మచ్చ కనిపించదు, కడుపు ఆకారమే చూడాలి. గుండ్రంగా ఉంటే ఇంకా టైం ఉంది, పక్కనుంచి చూస్తే పెట్టెలా పలకగా కనిపిస్తే దగ్గరపడినట్టే. పైనుంచి చూసినప్పుడు పొలుసులు సీతాఫలం తొక్కలా లేచి ఉంటే మాత్రం అది సూడి కాదు, ఒంట్లో నీరు పట్టింది, వెంటనే వేరే తొట్టిలోకి మార్చండి.

గప్పీకి ఇంచుమించు 4 వారాలు పడుతుంది, మోలీకి ఇంకా ఎక్కువ, ఒక్కోసారి 2 నెలల దాకా. మగచేప లేకపోయినా కంగారు పడొద్దు, ఒక్కసారి కలిస్తే ఆ బీజాన్ని దాచుకుని నెలల తరబడి మళ్లీమళ్లీ ఈనుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఈనట్లేదంటే, నేను మొదట అనుమానించేది బ్రీడింగ్ బాక్స్‌నే. కడుపు కనబడగానే తల్లిని తీసుకెళ్లి ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేస్తారు, అది అక్కడ తిరగడానికి చోటు లేక, దాక్కోవడానికి ఆకు లేక, రోజుల తరబడి బెదిరిపోయి కాన్పు ఆపుకుంటుంది, లేదా నెలలు నిండకుండానే వదిలేస్తుంది. బయటికి వదిలేయండి. నాచు మొక్కలు ఒత్తుగా వేయండి, నీళ్లపై తేలే మొక్కలైతే ఇంకా మంచిది. మగవి వెంటపడి విసిగిస్తుంటే ఒక మగకి రెండు మూడు ఆడవి ఉండేలా చూడండి, లేదా మగవాటినే తీసి పక్కన పెట్టండి. తల్లిని మాత్రం చివరి వారంలో కదపొద్దు.

పిల్లలు చచ్చి పుట్టాయి, కడుపుకి పసుపు సొన అంటుకుని ఉంది

నెలలు నిండని కాన్పు ఇది. ఒక మే నెలలో మధ్యాహ్నం రెండింటికి నేను సగం నీళ్లు మార్చాను, మిద్దె మీది సింటెక్స్ ట్యాంకు నుంచి పట్టిన నీళ్లతో. చెయ్యి పెడితే కాలేంత వేడి లేదు కానీ తొట్టి నీళ్లకంటే బాగా వేడి. తెల్లారేసరికి అడుగున ఆవగింజంత పసుపు ముద్దలతో పిల్లలు రాలి ఉన్నాయి, ఒక్కటి కూడా బతకలేదు. ఆరోజు నుంచి వేసవిలో నీళ్లు రాత్రే బక్కెట్లో పట్టి ఉంచి, పొద్దున్నే, అదీ పావు వంతే మారుస్తున్నా. మున్సిపాలిటీ నీళ్లైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత తీసి ఉంచాలి, ఎయిర్ పంప్ పెడితే ఇంకా తొందరగా పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ అప్పుడే తోడిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు, వాటికీ ఆ రాత్రి అవసరమే.

మోలీ ఉన్నచోటే ఒళ్లు ఊపుతోంది, ముందుకు పోవట్లేదు

క్యాను నీళ్లు పోస్తున్నారేమో చూడండి. మనం తాగే నీళ్లు చేపలకీ మంచివనుకుని చాలామంది ప్రేమతోనే పోస్తారు, కానీ ఆర్‌ఓ నీళ్లలో ఖనిజాలు పోతాయి, ఈ జాతికి, ముఖ్యంగా మోలీకి, అవే ప్రాణం. మనం తిట్టుకునే ఉప్పునీళ్లు వీటికి సరిపోతాయి. ఒకేసారి మార్చకుండా మూడు నాలుగు విడతల్లో బోరు నీళ్లు కలుపుతూ పోండి. కల్లుప్పు ఒక్కటే వేస్తే కాల్షియం లోటు తీరదు, మొక్కలు కూడా దెబ్బతింటాయి.

రాత్రి ఇరవై పిల్లలు, పొద్దున్నకి నాలుగు

తల్లే తినేసింది, లేదా ఫిల్టర్ లాగేసింది. పిల్ల ముడుచుకుని బయటికొస్తుంది, కిందికి జారుతూ ఒళ్లు విప్పుకుంటుంది, మరుక్షణం ఆకు సందులోకి దూరుతుంది. ఆ ఆకు దొరికితేనే బతుకుతుంది. ఫిల్టర్ మూతికి స్పాంజ్ తొడగండి. కాన్పు అయ్యాక పిల్లల్ని వలతో ఏరడం కంటే తల్లిని మార్చడం మేలు.

మూడో రోజు నుంచి ఒక్కొక్కటే అడుగుకి చేరి పోతున్నాయి

దీనికి ఎక్కువసార్లు కారణం ఆకలి కాదు, మేత ఎక్కువవడం. ఉడికించిన కోడిగుడ్డు సొన వేయమని అందరూ చెప్తారు, అది మంచిదే, కానీ చిటికెడు వేస్తే తినేది అందులో కొంచెమే, మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది. మన బోరు నీళ్లలో క్షారం ఎక్కువ, పైగా ఎండ. ఈ రెండూ కలిస్తే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. అందుకే వేరే ఊరివాళ్లకు సరిపోయిన కొలత ఇక్కడ పిల్లల్ని చంపుతుంది. నీళ్లు పాలలా మసకబారితే ఆ పూట మేత ఆపండి, సన్నని ఎయిర్ పైపుతో అడుగు మురికి లాగండి, పైపు రెండో కొస మగ్గులో పెట్టుకుంటే పిల్ల వచ్చినా దొరుకుతుంది. పావు వంతు నీళ్లు మార్చండి.

తర్వాత మేత సూది మొనకి అంటినంత, రోజుకి మూడు నాలుగు సార్లు. వీలైతే ఆర్టీమియా (పిల్లలకు మేతగా వేసే సన్నని ఉప్పునీటి రొయ్యలు) గుడ్లు పొదిగించండి: లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు, ఎయిర్ పైపు, 28 డిగ్రీల వేడి ఉంటే ఒక రోజులో పొదుగుతాయి, వేసవిలో హీటర్ అక్కర్లేదు. పెంకులు వదిలేసి, మంచినీళ్లతో కడిగి వేయండి.

కరెంటు పోతే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. బ్యాటరీ ఎయిర్ పంప్ కొని పెట్టుకోండి, లేనప్పుడు మగ్గుతో అదే తొట్టి నీళ్లు తీసి కాస్త ఎత్తునుంచి పోస్తూ ఉండండి. మూత తీసేయండి. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను గాలి నీళ్ల మీదికి తగిలేలా పెట్టినా రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్లకు బదులు మాత్రం కొంచెం ఆర్‌ఓ నీళ్లే పోయొచ్చు, ఉప్పు పేరుకోకుండా ఉంటుంది.

గప్పీ పిల్లలకు నెల నిండేసరికి మగవాటి కింది రెక్క పుల్లలా సన్నబడుతుంది. అది కనబడిన రోజే వేరు చేయండి, లేకపోతే ఆడపిల్లలు ఎదగకముందే సూడి కడతాయి.