పాత గొర్రు, నాగలి, బండిచక్రం: కొనేముందు, కొన్నాక

నల్లరేగడి ఊళ్లలో ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి గానీ, ఎడ్ల వెనక నడిచిన సామాను ఇంకా గొడ్ల సావిళ్లలోనూ, వసారా దూలాల మీదా పడివుంది. ప్రత్తిపాడు, చిలకలూరిపేట వైపు మెట్ట ఊళ్లలో విత్తే గొర్రు, కలుపు కోసే గుంటక, ఎడ్ల మెడ మీద వేసే కాడి ఎక్కువగా కనిపిస్తాయి. తెనాలి, దుగ్గిరాల వైపు మాగాణి ఊళ్లలో వరిమడిలో బురద దున్నే దమ్ము సామాను, బండిచక్రాలు దొరుకుతాయి. వీటిని కొనదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది ఒకటే: ఆ వస్తువును ఎడ్లు కట్టి పొలంలో దింపుతారా, ఇంట్లో భద్రపరుస్తారా? చూడవలసిన లోపాలు, పెట్టవలసిన ఖర్చు అన్నీ ఈ జవాబును బట్టే మారతాయి. ఏ ఉద్దేశంతో కొన్నా కొయ్యను ముందు చూడాలి, ఇనుమును తర్వాత చూడాలి. ఇనుము ఎంత తుప్పు పట్టినా చాలావరకు దారికి వస్తుంది. పుచ్చిపోయిన కొయ్య రాదు.

కొయ్యను పరీక్షించడానికి సన్నని మేకు ఒకటి చాలు. పైకి గట్టిగా ఉన్నచోట కాక, నేలకు ఆనిన అడుగు భాగంలోనూ, ఒక కర్ర మరొక కర్రలోకి దిగే బెజ్జాల దగ్గరా గుచ్చి చూడాలి. నీరు నిలిచేదీ, చెద మొదలయ్యేదీ అక్కడే. మేకు సులువుగా దిగిపోతే లోపల డొల్ల అని అర్థం. చిన్న రంధ్రాల కింద తెల్లని మెత్తటి పొడి తాజాగా రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉందన్నమాట, అలాంటి సామానును నేరుగా ఇంట్లోకి తేకూడదు. అమ్మకానికి ముందు లప్పం పెట్టి, వార్నిషు కొట్టి మెరిపించిన వాటికంటే, దుమ్ము కొట్టుకొని సాలెగూళ్లతో ఉన్నవాటినే నేను నమ్ముతాను, ఎందుకంటే దుమ్ము ఏ పగులునూ కప్పిపుచ్చదు.

గొర్రును మాత్రం తొందరపడకుండా చూడాలి. లావుపాటి అడ్డదుంప, దానికి దిగిన పళ్లు, పళ్ల వెనక వెదురు గొట్టాలు, ఆ గొట్టాలన్నీ పైన కలిసే చోట జడ్డిగం అనే కొయ్యగిన్నె, ఇదీ దాని నిర్మాణం. విత్తే మనిషి జడ్డిగంలో గింజలు వదులుతూ నడిస్తే అవి రంధ్రాల గుండా అన్ని సాళ్లలోకీ సమానంగా పడాలి. అందుకే జడ్డిగం రంధ్రాలు అరిగి ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయిందేమో చూడాలి. పరీక్ష సులువు: ఒక్కో గొట్టం కింద ఒక్కో గిన్నె పెట్టి, గుప్పెడు గుప్పెడుగా జొన్నలు వదిలి, ఏ గిన్నెలో ఎంత పడిందో తూచి పోల్చాలి. ఒక గొట్టంలో తక్కువ పడితే వెంటనే రంధ్రం తొలవకండి; చాలాసార్లు వెదురు కణుపు దగ్గర మిగిలిన పొరో, కందిరీగ పెట్టిన మట్టిగూడో అడ్డుపడి ఉంటుంది. పొడవాటి ఇనుప చువ్వతో గొట్టం శుభ్రం చేశాకే రెండోసారి తూచాలి. వెదురు గొట్టాలు, కట్టిన తాళ్లు, పళ్ల కొనలకు తొడిగిన ఇనుప కర్రులు సేద్యం సాగిన రోజుల్లో కూడా మార్చుతూనే ఉండేవారు, కాబట్టి వాటిని కొత్తవి వేస్తే వస్తువు విలువ తగ్గదు. దుంప, జడ్డిగం రెండూ మార్చవలసి వస్తే మాత్రం అది పాత గొర్రు కాదు, కొత్త గొర్రే; ఆ ధర వేరు.

ధర విషయానికి వస్తే, పాత ఇనుప సామాను కొట్లో తూకానికి అమ్ముతారు, కొయ్యకు అక్కడ లెక్క లేదు. అందువల్ల కొట్టువాళ్లు కొయ్య విరగ్గొట్టి ఇనుము ఊడదీయకముందే అక్కడికి చేరడం మంచిది. పెంకుటిల్లు కూల్చి డాబా వేసే వేసవికాలంలో సామాను ఎక్కువగా బయటికి వస్తుంది. ఇంటివారి దగ్గర కొనేటప్పుడు బేరానికి ముందు ఇంట్లో పెద్దాయనను అడగాలి. ఏరువాక పున్నమికి పసుపు కుంకుమ పెట్టిన నాగలిని అమ్మడానికి కొన్ని ఇళ్లలో ఇష్టపడరు. ‘బాబాయ్ గారూ, దీంతో ఏమేం విత్తేవారు, ఎవరు చేశారు?’ అని అడిగి ఆ వివరాలు అక్కడే రాసుకుంటే, తర్వాత బాగుచేసేటప్పుడు పళ్ల మధ్య దూరం ఎందుకు అంతుందో తెలుస్తుంది.

ఇనుప నాగళ్ల సంగతి కొంత వేరు. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1903లో ఇనుప నాగలి తయారుచేశారు, 1910లో కిర్లోస్కర్‌వాడీలో కర్మాగారం వెలిసింది. తయారీదారు పేరు పోతలోనే ఉబ్బెత్తుగా ఉంటే, అక్కడ గ్రైండరు తగలనివ్వకూడదు. పోత ఇనుము సుత్తిదెబ్బకు వంగదు, పగులుతుంది. అతికించవలసి వస్తే మామూలు వెల్డింగు రాడ్డుతో కాక నికెల్ రాడ్డుతో, ముందుగా వేడిచేసి, అతికాక బూడిదలో పూడ్చి నెమ్మదిగా చల్లార్చే పనివాడికే ఇవ్వాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల పోత భాగాలు అతికేవారికి ఇది తెలిసిన పనే. బోల్టులు మరొక చిక్కు. మెట్రిక్ కొలతలు రాకముందటి సామానుకు చాలావరకు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ అంగుళాల కొలత మరలు ఉంటాయి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు, మర కోణం 55 డిగ్రీలు. బజారులో దొరికే 12 మిల్లీమీటర్ల బోల్టు మర కోణం 60 డిగ్రీలు, చుట్ల దూరం 1.75 మిల్లీమీటర్లు. బలవంతంగా తిప్పితే పాత మర పాడవుతుంది. పాత నట్టును చేతిలో పట్టుకొని లేతు షాపుకు వెళ్లడమే మార్గం.

కొయ్య నుంచి విడదీయగలిగిన ఇనుప భాగాలకు తుప్పు వదిలించడానికి కరెంటు పద్ధతి మేలు. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి, నాలుగైదు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపాలి. వస్తువును 12 వోల్టుల బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగకు, ఒక పాత ఇనుప రేకును పాజిటివ్ తీగకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తాకకుండా ముంచాలి. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర బీడీ కూడా వెలిగించకూడదు, చార్జరు ఆపాకే చేయి పెట్టాలి. తీసి కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు, దాన్ని పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు.

కొయ్యకు పురుగు మందుగా బోరాక్స్, బోరిక్ ఆమ్లం గోరువెచ్చని నీళ్లలో కరిగించి, ఆరిన కొయ్యకు రెండుమూడుసార్లు పట్టించాలి. వానలో తడిసే వస్తువుకు ఇది నిలవదు. తర్వాత అవిసె నూనె పల్చగా రాసి మిగిలింది తుడిచేయాలి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే నిప్పు అంటుకోవచ్చు. విప్పి ఆరవేయాలి, లేదా నీళ్లలో ముంచాలి. కాడి మీద మెడ ఆనే పల్లంలో ఏళ్ల తరబడి తోలు రాపిడికి తేలిన గోధుమరంగు నునుపు ఉంటుంది. గరుకు కాగితం ఒక్కసారి తగిలినా అది పోతుంది, మళ్లీ తెప్పించలేము.

బండిచక్రంలో ఆకులు, అంటే నడిమి కుండ నుంచి అంచుకు వెళ్లే కర్రలు, కదులుతుంటే ముందు నీళ్లలో నానబెట్టి చూడాలి. రోహిణి ఎండలకు కొయ్య కుంచించుకుపోయి చక్రం చుట్టూ ఉండే ఇనుప పట్టా వదులవుతుంది, నానితే తాత్కాలికంగా బిగుస్తుంది. పూటీల (చక్రం అంచున వంపుగా అమర్చిన కొయ్య ముక్కల) మధ్య సందులు అప్పటికీ మిగిలితే కమ్మరి చేత పట్టా తీయించి, పొడవు తగ్గించి, మళ్లీ ఎక్కించాలి. 4.5 అడుగుల చక్రానికి పట్టా చుట్టుకొలత 14 అడుగుల పైచిలుకు. పిడకల మంటలో వేడి 500 డిగ్రీల సెల్సియస్ పెరిగితే అది సుమారు ఒక అంగుళం సాగుతుంది. ఎర్రగా కాలిన పట్టాను ముగ్గురు పటకార్లతో ఎత్తి చక్రం మీద దించగానే కొయ్య పొగలు కక్కుతుంది, అప్పుడే బిందెలతో నీళ్లు పోయాలి. మరీ పొట్టిగా కోసిన పట్టా ఆకులను వంచేస్తుంది, కాబట్టి కోత ఎంతన్నది కమ్మరికే వదిలేయాలి.

అమెరికాలోని పిల్లలకు పంపాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. 100 ఏళ్లు దాటిన, గతకాలపు వృత్తులను, ఆచారాలను తెలిపే వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు రావచ్చు. పురావస్తువులను సొంతంగా ఎగుమతి చేయడం నిషిద్ధం. ఇక్కడే ఉంచుకుంటే మట్టినేల మీద కాక, రాతి దిమ్మల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టి, వానాకాలంలో నెలకోసారి అడుగున చెద మట్టి పాకిందేమో చూసుకోవాలి.